అణ్వాయుధాలున్న శత్రుదేశంతో మాట్లాడాలా, తలపడాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "పాకిస్తాన్, చైనా లాంటి అణ్వాయుధాలున్న దేశాలతో చర్చలు జరిపి మనం సాధించిందేమిటి? లాహోర్‌కు బస్సు వెళ్తే కార్గిల్ వచ్చింది. గట్టిగా కొట్టినప్పుడే కదా వాళ్లు దిగొచ్చింది? మరి దౌత్యం అనేది చేతకానితనానికి పెట్టుకున్న మంచి పేరు కాదా? ఆపరేషన్ సిందూర్ తర్వాత కూడా ఈ హాట్‌లైన్లు మనకెందుకు?"

నేను ఆర్టిలరీలో పనిచేశాను. 2001-02లో సైన్యాన్ని పాక్ సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ నాటికి రాజస్థాన్ సరిహద్దులో, ఆ తర్వాత పూంచ్ సెక్టార్‌లో ఉన్నాను. రిటైరయ్యాక హైదరాబాద్‌లో అంతర్జాతీయ సంబంధాలు చదివే పిల్లలకు పాఠాలు చెబుతూ, వాళ్లను రెండు దేశాలుగా విడదీసి నమూనా సంక్షోభాలు ఆడిస్తుంటాను. ఈ జవాబు ఆ అనుభవంతో రాస్తున్నది. రాజకీయ పార్టీల గొడవ ఇందులోకి తేవద్దని మనవి. కింద నేను మెచ్చుకున్నవాటిలో, తప్పుపట్టినవాటిలో అన్ని రకాల ప్రభుత్వాలూ ఉన్నాయి.

సూటి జవాబు: అణ్వాయుధాలున్న శత్రువు మీద బలం పనిచేస్తుంది, కానీ చిన్న పనికే పనిచేస్తుంది. ఒక కొండ వదిలించడం, ఒక గస్తీ దారి తెరిపించడం, ఒక దాడికి మూల్యం చెల్లింపజేయడం, ఇంతవరకు బలంతో అవుతుంది. అవతలి దేశపు విధానాన్నే మార్చేయాలని బయల్దేరితే అవదు. ఆ చిన్న పనికి కూడా చివరి ముడి వేసేది మాటలే. అందుకని కొట్టాలా వద్దా అనేదానికంటే ముందు మూడు ప్రశ్నలకు జవాబుండాలి. మనం అడుగుతున్నదేమిటి? అది ఇచ్చి పరువుతో వెనక్కి వెళ్లడానికి అవతలివాడికి దారుందా? ఆ సంగతి అతనికి చెప్పడానికి ఫోన్ పనిచేస్తోందా?

"కొట్టినప్పుడే దిగొచ్చారు" అని మీకు అనిపించడంలో వింతేమీ లేదు. దెబ్బ టీవీలో కనిపిస్తుంది. బేరం కనిపించదు, కనిపిస్తే కుదరదు కూడా. కార్గిల్ నుంచే మొదలుపెడదాం, మీరే ఎత్తారు కాబట్టి.

1998 మేలో మనం పోఖ్రాన్‌లో, అదే నెలాఖరున పాకిస్తాన్ చాగైలో అణు పరీక్షలు జరిపాం. ఏడాది తిరిగేసరికి వాళ్ల సైన్యం కార్గిల్ కొండల్లోకి చొరబడింది, యుద్ధం వచ్చింది. అణ్వాయుధాలున్న రెండు దేశాలు నేరుగా సైన్యాలతో తలపడటం ప్రపంచంలో చాలా అరుదు. 1969లో ఉసూరి నది దగ్గర సోవియట్లు, చైనావాళ్లు కొట్టుకున్నాక మళ్లీ ఆ స్థాయిలో జరిగింది కార్గిల్‌లోనే. మనవాళ్లు 527 మంది పోయారు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న చనిపోయారు, మహావీర చక్ర వచ్చింది. ఆ కొండలు ఎక్కినవాళ్ల వల్లే గెలిచాం, అందులో రెండో మాట లేదు.

అయితే ఆ యుద్ధంలో ఢిల్లీ ఒక ఆంక్ష పెట్టింది: నియంత్రణ రేఖ దాటకూడదు, విమానాలు కూడా దాటకూడదు. సైనికంగా అది చాలా ఖరీదైన ఆంక్ష. వెనక నుంచి చుట్టుముట్టి సరఫరా తెంపాల్సిన శిఖరాలను కింద నుంచి ఎదురెక్కి పట్టుకోవాల్సి వచ్చింది. మాలో చాలామందికి అది మింగుడుపడలేదు. అప్పట్లో మెస్‌లో జరిగిన వాదనలు ఇక్కడ రాయదగ్గవి కావు.

మరి ఆ ఆంక్ష ఏం సంపాదించి పెట్టిందో చూడండి. జూన్‌లో కొలోన్‌లో కలిసిన జీ8 దేశాలు చొరబాటును తప్పుపట్టాయి. చైనా పాకిస్తాన్ వెనక నిలబడలేదు. పాక్ సైన్యాధిపతి ముషారఫ్ బీజింగ్‌లో ఉండగా తన సహచర జనరల్ అజీజ్‌తో ఫోన్‌లో మాట్లాడిన టేపును మనం జూన్ 11న బయటపెట్టాం. దాంతో "వాళ్లు ముజాహిదీన్లు, మాకు సంబంధం లేదు" అన్న కథ చెల్లకుండా పోయింది. ఆ మర్నాడే పాక్ విదేశాంగ మంత్రి సర్తాజ్ అజీజ్ ఢిల్లీ వచ్చారు. అంటే కొండల మీద కాల్పులు జరుగుతుండగానే వాళ్ల మంత్రి మన రాజధానిలో కూర్చుని మాట్లాడారు. వెనక నుంచి మన జర్నలిస్టు ఆర్‌కే మిశ్రా, పాక్ మాజీ విదేశాంగ కార్యదర్శి నియాజ్ నాయక్ ఇద్దరు ప్రధానుల మధ్య కబుర్లు మోస్తున్నారు. జూలై 4న మనవాళ్లు టైగర్ హిల్ పట్టుకున్నారు. అదే రోజు వాషింగ్టన్‌లో పాక్ ప్రధాని నవాజ్ షరీఫ్ అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ముందు కూర్చుని సైన్యాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

క్లాసులో పిల్లలు అడుగుతుంటారు, ఈ రెంటిలో ఏది గెలిపించింది సార్ అని. నా లెక్క ఇది. తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాలు మన చేతికి రాకపోతే షరీఫ్ వాషింగ్టన్ పరుగెత్తే అవసరమే ఉండేది కాదు. మనం రేఖ దాటి ఉంటే పరుగెత్తేవారే, కానీ అక్కడ జరిగే చర్చ "వెనక్కి వెళ్లండి" అని కాకుండా "ఇద్దరూ ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగండి" అని ఉండేది. ఆగితే మన శిఖరాలు వాళ్ల దగ్గరే ఉండిపోయేవి. ప్రాణాలిచ్చి పట్టుకున్న కొండకు ఆ ఆంక్ష విలువ పెంచింది.

ఇంకో సంగతి. మనం అడిగింది పటం మీద వేలు పెట్టి చూపించగలిగేది: "ఈ గీత అవతలికి వెళ్లండి." అంతే. సియాచిన్ ఊసు లేదు, కశ్మీర్ మొత్తం సంగతి లేదు, ఉగ్రవాదం పూర్తిగా మానేయమన్న షరతు లేదు. అవతలివాడు చేశాడో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. ఆ తేలిక వల్లే అది కుదిరింది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ. అందులో నేనున్నాను.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. వారం తిరక్కుండానే పరాక్రమ్ మొదలైంది. మన వైపే దాదాపు 5 లక్షల మందిని సరిహద్దుకు తరలించారు. విశాఖలోని తూర్పు నౌకాదళం నుంచి కూడా నౌకలు అరేబియా సముద్రానికి వెళ్లాయి. హైకమిషనర్‌ను వెనక్కి పిలిచారు, బస్సులు, రైళ్లు, విమానాలు ఆపేశారు. మన డిమాండ్లు: 20 మంది నేరస్తులను అప్పగించాలి, సీమాంతర ఉగ్రవాదం ఆపాలి.

మా తోపులు ఇసుకలో మోహరించి ఉన్నాయి. రైతుల పొలాల్లో మైన్లు పాతాం. ఆ పొలాలు వాళ్లకు తిరిగి అప్పగించడానికి చాలా కాలం పట్టింది. మైన్లు పాతేటప్పుడు, తీసేటప్పుడు, ప్రమాదాల్లో కలిపి యుద్ధమే జరగకుండా వందల మంది సైనికులు చనిపోయారు, గాయపడ్డారు. రేపే అన్నట్టు ఉండేది. ఆ రేపు పది నెలలు నడిచింది.

దాడి దళాలు తమ కంటోన్మెంట్ల నుంచి సరిహద్దు చేరడానికే సుమారు మూడు వారాలు పట్టింది. ఈలోగా, అప్పటికి పాక్ అధ్యక్షుడైన ముషారఫ్ 2002 జనవరి 12న టీవీలో ప్రసంగించి లష్కర్, జైష్ సంస్థలను నిషేధించారు. ప్రపంచం ఊపిరి పీల్చుకుంది. మే 14న కాలూచక్‌లో సైనికుల కుటుంబాలున్న క్వార్టర్ల మీద దాడి జరిగి 30 మందికి పైగా చనిపోయారు. మళ్లీ అంచుకు వెళ్లాం. అమెరికా, బ్రిటన్ తమ పౌరులకు భారత్ వెళ్లొద్దని సలహాలిచ్చాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల టెన్షన్ ఎంతగా పెరిగిందో ఆ రోజుల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. జూన్‌లో అమెరికా ఉపవిదేశాంగ మంత్రి ఆర్మిటేజ్ ఇస్లామాబాద్ వచ్చి, చొరబాట్లు శాశ్వతంగా ఆపుతామన్న ముషారఫ్ మాటను ఢిల్లీకి మోసుకొచ్చారు. అక్టోబర్‌లో వెనక్కి రమ్మన్నారు.

ఏం సాధించాం? ఒక ప్రసంగం, ఒక మాట. ఆ 20 మంది రాలేదు.

ఎందుకు రాలేదన్నది ఈ విషయం మొత్తానికీ కీలకం. థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త, 2005లో నోబెల్ వచ్చినాయన, ఒక తేడా చూపించారు. ఒకణ్ణి "ఆ పని చెయ్యొద్దు" అని ఆపడం ఒక ఎత్తు. "చేస్తున్నది మానెయ్, చేసింది సరిదిద్దు" అని చేయించడం వేరే ఎత్తు. మొదటిదానిలో అవతలివాడు ఊరికే ఉంటే చాలు, భయపడ్డాడని ఎవరికీ తెలియదు. రెండోదానిలో లోకం చూస్తుండగా తలవంచాలి. అణ్వాయుధాలు మొదటి పనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. రెండో పనికి దాదాపు పనికిరావు. పైగా "ఉగ్రవాదం ఆపాలి" అన్న డిమాండ్ పూర్తయిందని ఏ రోజున అనగలం? కొలత లేని డిమాండ్‌కు గడువు ఉండదు. గడువు లేని మోహరింపు నుంచి గౌరవంగా వెనక్కి రావడం ఎవరికైనా కష్టం, మనకైనా సరే.

మన పల్లెల్లో అంటారు కదా, గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని. ఇక్కడ ఆ పిల్లికి అణుబాంబు కూడా ఉంది.

పరాక్రమ్ తర్వాత జరిగింది ఎవరికీ పెద్దగా గుర్తుండదు. నాకు మాత్రం బాగా గుర్తు, ఎందుకంటే అప్పుడు పూంచ్‌లో ఉన్నాను. 2003 నవంబర్ 26 నుంచి నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. అంతకుముందు మా తోపులకు రోజూ పనే. ఆ రోజు నుంచి నిశ్శబ్దం. మొదట్లో ఎవరం నమ్మలేదు. మెల్లగా రైతులు రేఖ పక్కన చేలల్లోకి వెళ్లడం మొదలుపెట్టారు, మూతపడ్డ బళ్లు తెరిచారు.

ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. రేఖ వెంట మనం కంచె కడుతున్నాం. కాల్పులు జరుగుతున్నంత కాలం అది ముందుకు సాగలేదు. రాత్రి కట్టింది పగలు కూలగొట్టేవాళ్లు. విరమణ వచ్చాక 2004 నాటికి కంచె పూర్తయింది. చొరబాట్లు బాగా తగ్గాయి. అంటే మాటలతో వచ్చిన విరమణ, లక్షల మంది మోహరింపు సాధించలేని గట్టి రక్షణ ఏర్పాటుకు వీలు కల్పించింది. చర్చలను మెత్తదనమని, ఆయుధాన్ని గట్టిదనమని విడదీసి చూసేవాళ్లకు నేను ఈ కంచె చూపిస్తాను.

అదే కాలంలో పూంచ్‌లో రేఖ మీదున్న చకన్-ద-బాగ్ దగ్గర రెండు వైపుల స్థానిక అధికారులు కలిసే ఫ్లాగ్ మీటింగులకు కూడా వెళ్లాను. పశువులు మేపుతూ పొరపాటున అటు వెళ్లిన మనిషిని వెనక్కి తెచ్చుకోవడం లాంటి చిన్న విషయాలే ఎక్కువ. అవతలి మేజర్‌కు మేమంటే ప్రేమేమీ లేదు, మాకూ లేదు. కానీ ఎవరు మాట్లాడుతున్నారో, ఏ మాట అన్నప్పుడు నిజంగా కోపంగా ఉన్నాడో, ఏ మాట పైవాళ్ల కోసం అంటున్నాడో తెలిసిపోతుంది. ఆ తెలియడమే అసలు సంపాదన. తర్వాత ఎప్పుడైనా రాత్రిపూట అటు నుంచి గుండు పడితే ఇది ఆర్డర్ ప్రకారం వచ్చిందా, ఏ సిపాయో తెలివితక్కువగా పేల్చాడా అని అంచనా వేయగలిగేవాళ్లం.

చైనా సంగతికి వద్దాం.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా మనవాళ్లు 20 మంది చనిపోయారు. చైనా తమ వైపు నలుగురు పోయారని 2021 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. ఆ రాత్రి తుపాకులు ఎందుకు పేలలేదని చాలామంది కోపంగా అడిగారు. చైనాతో 1996లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, మనకూ వాళ్లకూ మధ్య ఉన్న వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదు. ఒప్పందం మనుషుల్ని కాపాడలేకపోయింది, నిజమే. కానీ ఆ రాత్రి ఫిరంగులు మోగి ఉంటే ఆ కుటుంబాల సంఖ్య 20 దగ్గర ఆగేది కాదు.

తర్వాత నెలలు చర్చలు ఊరికే నడిచాయి. ఒక్క అడుగు కదల్లేదు. ఆగస్టు 29, 30 తేదీల రాత్రి మనవాళ్లు పాంగాంగ్ సరస్సు దక్షిణాన రెజాంగ్ లా, రెచిన్ లా ఉన్న కైలాస్ శ్రేణి శిఖరాలెక్కి కూర్చున్నారు. కింద చైనా శిబిరాలు కంటికి కనిపిస్తున్నాయి. సెప్టెంబర్‌లో గాలిలోకి కాల్పులు జరిగాయి, ఆ రేఖ మీద 45 ఏళ్లలో అదే మొదటిసారి. అప్పటి నుంచి చర్చల్లో మన చేతిలో ఇవ్వడానికి ఒకటుంది. సెప్టెంబర్ 10న మాస్కోలో విదేశాంగ మంత్రులు కలిశారు, సైనిక కమాండర్ల చర్చల్లో విదేశాంగ శాఖ అధికారి కూడా కూర్చోవడం మొదలైంది. 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ రెండు గట్ల నుంచీ ఇద్దరూ వెనక్కి తగ్గారు. తర్వాత గోగ్రా, హాట్ స్ప్రింగ్స్. చివరిగా దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద ఒప్పందం 2024 అక్టోబర్ 21న వచ్చింది. కమాండర్ల స్థాయిలోనే 20కి పైగా విడతలు, నాలుగేళ్లకు పైగా కాలం.

మీ ప్రశ్నకు నా దృష్టిలో ఇది అన్నిటికంటే మంచి జవాబు. శిఖరాలెక్కకపోతే చర్చలు ఏళ్ల తరబడి టీలతో సరిపోయేవి. చర్చలు లేకపోతే ఆ శిఖరాల మీద మనవాళ్లు ఇప్పటికీ చలిలో కూర్చునే ఉండేవాళ్లు. కొందరు మిత్రులు కైలాస్ శ్రేణిని తొందరగా వదిలేశామని, దెప్సాంగ్ కూడా తేలేదాకా పట్టుకోవాల్సిందని అంటారు. ఆ వాదనలో పస ఉంది. ఇచ్చేది ఎప్పుడు ఇవ్వాలన్నది దౌత్యంలో అన్నిటికంటే కష్టమైన లెక్క, దానికి సూత్రం లేదు.

చైనాతో ఒక సౌలభ్యం ఉందని కూడా చెప్పాలి. ముందుగా అణ్వాయుధం వాడమని ఇద్దరమూ ప్రకటించాం. కాబట్టి లడఖ్‌లో జరిగిన గొడవ మొత్తం మీద ఆ మాటే పెద్దగా రాలేదు. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. పైగా 2011లో 60 కిలోమీటర్లు పోయే నస్ర్ అనే చిన్న అణు క్షిపణిని పరీక్షించింది, మన ట్యాంకులు లోపలికి వస్తే యుద్ధభూమిలోనే వాడతామన్న సంకేతంగా. ఒకే మందు రెండు రోగాలకూ పనిచేయదు.

క్యూబా సంగతి ప్రస్తావించకుండా ఈ విషయం పూర్తికాదు, క్లుప్తంగా చెప్తాను. 1962 అక్టోబర్‌లో, సరిగ్గా చైనా మన మీదికి వచ్చిన రోజుల్లోనే, సోవియట్లు క్యూబాలో పెట్టిన క్షిపణుల మీద 13 రోజుల సంక్షోభం నడిచింది. అమెరికా అధ్యక్షుడు కెనడీ నౌకలతో దిగ్బంధం వేశారు, సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తగ్గారు. చాలా ఏళ్లు లోకం నేర్చుకున్న పాఠం: గట్టిగా నిలబడితే వంగుతారు. అసలు జరిగింది ఏమిటంటే, అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను కలిసి, టర్కీలోని తమ జూపిటర్ క్షిపణులు తీసేస్తామని రహస్యంగా మాటిచ్చారు. 1963 ఏప్రిల్ నాటికి తీసేశారు. ఆ సగం కథ దాచిపెట్టినందువల్ల ఆ తర్వాతి తరం నాయకులు సగం పాఠమే చదువుకున్నారు. మీ ప్రశ్నలో ఉన్న నమ్మకానికి మూలాలు కొంతవరకు అక్కడ కూడా ఉన్నాయి.

ఉత్తర కొరియా గురించి ఒక్క పేరా. అమెరికాతో 1994లో చేసుకున్న ఒప్పందంతో యోంగ్‌బ్యాన్ అణు కేంద్రంలో ప్లుటోనియం పని ఆగింది. 2002లో ఆ ఒప్పందం కూలింది, 2006 అక్టోబర్‌లో బాంబు పేలింది. తర్వాత ఆంక్షలు పెట్టారు, బెదిరించారు, సింగపూర్‌లో, హనోయ్‌లో ట్రంప్, కిమ్ చేతులు కలిపారు. బాంబు అలాగే ఉంది. 2003లో తన అణు కార్యక్రమం వదులుకున్న లిబియా నేత గడాఫీకి 2011లో పదవీ ప్రాణమూ ఎలా పోయాయో ఉత్తర కొరియా చూసింది. బాంబు చేతికొచ్చాక దాన్ని వదలమని అడగడం మాటలకూ లొంగదు, బెదిరింపులకూ లొంగదు. దాన్ని వాడకుండా చూసుకోవడమే మిగిలిన పని.

ఇక పొరపాట్ల సంగతి. గట్టిగా ఉండాలనేవాళ్లు దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. 2019 ఫిబ్రవరి 27న, పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వైమానిక దాడి జరిగిన మర్నాడు, పాక్ విమానాలు మన వైపు వస్తుండగా బుద్గాం దగ్గర మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక పౌరుడు పోయారు. శిక్షణ ఉన్నవాళ్లు, మంచి పరికరాలున్నవాళ్లు చేసిన పని అది. ఒత్తిడిలో అలా జరుగుతుంది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ లేదు, అవి ప్రశాంతంగా ఉన్న రోజులు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముగ్గురు అధికారులను తర్వాత ఉద్యోగం నుంచి తీసేశారు. అదే క్షిపణి 2019 ఫిబ్రవరి 27 సాయంత్రం ఎగిరి ఉంటే? క్షిపణి పరీక్షలను ముందుగా తెలియజేసుకోవాలన్న 2005 ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది. బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి, దాని పరిధిలోకి రాదు. ఇలాంటి కంతలు పూడ్చడం దౌత్యవేత్తల పని. ఎవరూ చప్పట్లు కొట్టరు.

మా క్లాసు ఆటల్లో కూడా ఇదే చూస్తుంటాను. రెండు జట్లను వేర్వేరు గదుల్లో కూర్చోబెడతాను. ఒక జట్టు హెచ్చరికగా నౌకలను కదిలిస్తుంది. పక్క గదిలో దాన్ని దాడికి సన్నాహంగా చదువుతారు. మూడో ఎత్తు వచ్చేసరికి మొదట అడిగిందేమిటో ఏ గదిలోనూ ఎవరికీ గుర్తుండదు, పరువే మిగులుతుంది. తలుపు సందులోంచి చీటీ పంపుకోవచ్చని అనుమతిస్తే ఆట సగానికి సగం సార్లు చల్లబడుతుంది. అనుమతి ఇచ్చినా పంపనివాళ్లు ఉంటారు, "మనమే ముందు రాస్తే బలహీనులం అనుకుంటారు" అని. వాళ్లంతా చాలా తెలివైన పిల్లలే.

మనకు టైమ్ ఇచ్చేది ఇంకొకటుంది. విశాఖలో కట్టిన అరిహంత్ జలాంతర్గామి. శత్రువు ముందు దెబ్బ కొట్టినా సముద్రం అడుగు నుంచి తిరిగి కొట్టగలమన్న భరోసా ఉంటే, ఢిల్లీలో ఎవరూ పది నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాల్సిన ఆత్రం ఉండదు. దాన్ని యుద్ధనౌకగానే చూస్తారు చాలామంది. నేనైతే దౌత్యానికి దొరికిన గంటలుగా లెక్కేస్తాను.

ఇప్పుడు మీ వైపు వాదనలో ఉన్న నిజాలు. అవి దాటేస్తే నా జవాబు నిజాయితీగా ఉండదు.

కార్గిల్‌కు ముందు, మీరన్న బస్సు యాత్రప్పుడు, లాహోర్ శాంతి ప్రకటన మీద సంతకం పెట్టింది షరీఫ్. కొండలెక్కింది ముషారఫ్ సైన్యం. నిర్ణయం ఎవరి చేతుల్లో ఉందో వాళ్లతో కాకుండా వేరేవాళ్లతో మాట్లాడితే ఆ మాటకు బరువు ఉండదు. 2021 ఫిబ్రవరి 25న కాల్పుల విరమణను మళ్లీ నిలబెట్టిన ప్రకటన ఇద్దరు డీజీఎంవోల, అంటే రెండు సైన్యాల్లో సైనిక చర్యలు చూసే డైరెక్టర్ జనరల్స్ పేరుతో వచ్చింది. అది నిలబడటానికి అదొక కారణమని నేననుకుంటాను. రెండోది, అణు గొడుగు కింద చిన్న దాడులు చేస్తే ఎదుటివాడు తెగించడన్న ధీమా పాకిస్తాన్‌లో చాలాకాలం ఉంది. 2008లో ముంబై మీద జరిగిన 26/11 దాడిలో 166 మంది చనిపోయినా మనం సైనికంగా జవాబివ్వలేదు. ఆ సంయమనం వల్ల ప్రపంచం మద్దతు వచ్చింది, కానీ ధీమా చెక్కుచెదరలేదు. 2016లో కశ్మీర్‌లోని ఉరి సైనిక శిబిరం మీద దాడి తర్వాత మనం రేఖ దాటి చేసిన సర్జికల్ దాడులు, 2019 బాలాకోట్ ఆ ధీమాను కొంత కదిలించాయి. మూల్యం ఉంటుందని తెలియజేయడం అవసరమే.

సర్జికల్ దాడుల మర్నాడు మన డీజీఎంవో చేసిన మొదటి పనుల్లో ఒకటి గుర్తుందా? అవతలి డీజీఎంవోకు ఫోన్ చేసి, మా పని అయిపోయింది, కొనసాగించే ఉద్దేశం లేదని చెప్పడం. దెబ్బను, మాటను ఒకే చేత్తో నడిపిన పద్ధతి అది.

ఆపరేషన్ సిందూర్‌లోనూ అదే ప్రయత్నం కనిపిస్తుంది. పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపాక, 2025 మే 7న తొమ్మిది చోట్ల కొట్టి, సైనిక స్థావరాలు ముట్టుకోలేదని ప్రకటించాం. ఈసారి అది అక్కడ ఆగలేదు. నాలుగు రోజుల్లో డ్రోన్లు, క్షిపణులు, వైమానిక స్థావరాల దాకా వెళ్లింది. మే 10 మధ్యాహ్నం 3.35కు పాక్ డీజీఎంవో ఫోన్ చేశారు, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆగాయి. అమెరికా పాత్ర ఎంతన్న వాదన ఇక్కడ తేలేది కాదు. ఏది ఏమైనా, ఆపాలనుకున్నాక ఆపడానికి వాడింది ఆ ఫోన్‌నే. మీరు "ఎందుకు" అని అడిగిన హాట్‌లైన్ అదే.

ఇందులో నన్ను కలవరపెట్టేది వేరు. 2016లో రేఖ పక్కన కొద్ది దూరం, 2019లో బాలాకోట్, 2025లో పంజాబ్ నడిబొడ్డు. ప్రతిసారీ మొదటి మెట్టే ఇంకాస్త ఎత్తున ఉంటోంది. మెట్లు పెరుగుతుంటే మాటల దారులు తరుగుతున్నాయి. 2019 ఆగస్టు నుంచి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. 2025 ఏప్రిల్‌లో సిబ్బందిని 55 నుంచి 30కి తగ్గించారు. 1965, 1971, కార్గిల్ దాటి వచ్చిన 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టాం. కోపం అర్థమవుతుంది. కానీ వరద నీటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే మామూలు ఉత్తరాలు కూడా ఆ ఒప్పందం కిందే నడిచేవి.

మిగిలినవాటిలో ఒకటి మాత్రం ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదన్న 1988 ఒప్పందం. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. పరాక్రమ్ మోహరింపు మధ్యలో, మా తోపులు అటు గురిపెట్టి ఉన్న 2002 జనవరి 1న కూడా ఇచ్చుకున్నారు.

కాబట్టి నన్నడిగితే ముందు చేయాల్సినవి పెద్ద శిఖరాగ్ర సమావేశాలు కావు, బస్సు యాత్రలూ కావు. హైకమిషనర్లను తిరిగి పంపాలి. క్షిపణి ఒప్పందంలోకి క్రూయిజ్ క్షిపణులను, సాయుధ డ్రోన్లను చేర్చాలి. డీజీఎంవోలతో పాటు రెండు వైమానిక దళాల మధ్య కూడా ఒక నేరు ఫోన్ లైన్ పెట్టాలి, ఎందుకంటే ఈమధ్య గొడవలు మొదలవుతున్నది గాలిలోనే. దీనికి స్నేహం అక్కర్లేదు, నమ్మకం కూడా అక్కర్లేదు. వీటి మీద మీకు ప్రశ్నలుంటే కింద అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.